మన చేతిపనులును నెల్లూరి కాపురమును

(అల్లూరున జరిగిన విశ్వబ్రాహ్మణ వార్షిక మహాసభయందలి ఉపన్యాసము)



"పల్లె విడిచి నెల్లూరు చేరుట మనవారికి మేలా, కీడా?" అను విషయమునుగూర్చి కొన్ని మాటలు చెప్పవలసినదని ఆహ్వానసంఘమువారు మమ్ము నియోగించినారు. ఈ గౌరవమునకు వారికి కృతజ్ఞులము. ఈ ప్రశ్న పుస్తకములలో పుట్టినది కాదు. మన ఇండ్ల అరుగులమీద పుట్టినది. అల్లూరునందును చుట్టుపట్ల పల్లెలయందును మన వీధులలో నడచి చూచినవారికి దీని అర్థము వివరింప నక్కరలేదు. ఒక ఇంట కొలిమి చల్లారి తలుపునకు తాళము వ్రేలాడుచుండును. మరియొక ఇంట వృద్ధదంపతులు మాత్రమే యుందురు. కొడుకును కోడలును నెల్లూరున నుందురు. వేరొక ఇంట, పోవుటయా నిలుచుటయా యని ప్రతిరాత్రియు భోజనములైన పిమ్మట తర్కము జరుగుచుండును.

ఈ విషయమున మనలో రెండు పక్షములున్నవి. పోయినవారందరును బాగుపడిరనియు, నిలిచినవారు మందబుద్ధులనియు ఒక పక్షమువారందురు. పోయినవారు కులవృత్తిని మంటగలిపి కూలివారైరనియు, నిలిచినవారే మర్యాద కాపాడిరనియు రెండవ పక్షమువారందురు. మేము ఏ పక్షమునకును వకాల్తా పుచ్చుకొని రాలేదు. రెండువైపులనుగల లాభనష్టములను తక్కెడలో పెట్టి చూపి, తూకమెట్లు చూడవలెనో మాకు తోచినంత విన్నవింతుము.

ముందుగా మనమున్న చోటిని తలచుకొందము. అల్లూరు మండల కేంద్రము. 2004 ఎన్నికల వరకు శాసనసభా నియోజకవర్గమొకటి దీని పేరుననే యుండెను. తూర్పున సముద్రము, పడమట రాజమార్గమును రైలుదారియు, దక్షిణమున నెల్లూరు, ఉత్తరమున కావలి. నెల్లూరు మనకు ముప్పది కిలోమీటర్ల చిల్లర దూరము. రైలు అల్లూరు రోడ్డు అను స్టేషనులో ఆగును గాని, ఆ స్టేషనునుండి ఊరు చేరుటకు మరల వేరొక బండి చూచుకొనవలెను. ఈ దూరము సంగతి యేల చెప్పుచున్నామనగా, ఇంత దగ్గరనున్న పట్టణము మనుష్యుని సులభముగా లాగుకొనును. అంత సులభముగనే తిరిగి రానిచ్చును. దూరదేశపు వలసకును దీనికిని గల భేదమిదియే. ఈ భేదమును మరచి మాటలాడుటచేతనే రెండు పక్షములవారును దారి తప్పుచున్నారు.

మన వృత్తులకు ఈ నేలలో అన్నము పెట్టినది పెన్న. పందొమ్మిదవ శతాబ్దమున నెల్లూరివద్దను సంగమువద్దను ఆనకట్టలు కట్టబడినవి. ఆ రెండుచోట్లను క్రొత్త బారేజీలు 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైనవి. ఆ కాలువల నీటితోనే నెల్లూరు మొలగొలుకుల బియ్యమునకు దేశమున పేరు వచ్చినది. నీరున్నచోట వరి, వరియున్నచోట నాగలి, నాగలియున్నచోట వడ్రంగియు కమ్మరియు. నాగలియు, మేడియు, కాడియు వడ్రంగి చెక్కవలెను. కర్రును కొడవలిని కమ్మరి సాగగొట్టవలెను. బండిచక్రమునకు ఆకులు అమర్చువాడొకడు, దానికి ఇనుపపట్టా కాల్చి యెక్కించువాడొకడు. పంట అమ్ముడైన పిమ్మట పెండ్లిండ్లు. పెండ్లిండ్లలో మంగళసూత్రము మొదలు కాలిమెట్టెలవరకు కంసాలి కుంపటివద్ద తయారు కావలసినదే. కంచరి చేతి బిందెయు చెంబును లేక ఆడబిడ్డ కాపురమునకు పోయెడిది కాదు. గుడికి ధ్వజస్తంభపు పీఠము కావలసివచ్చినను, ఇంటికి రుబ్బురోలు కావలసివచ్చినను రాతిపనివాని ఇంటికే వచ్చెడివారు.

ఈ పనులకు ప్రతిఫలము చాలవరకు మేర రూపమున నుండెడిది. ఏడాది పొడుగునను పనిచేసి, కోతలైన పిమ్మట కళ్లములో ధాన్యము కొలిపించుకొనెడివారము. ఆ ఏర్పాటు స్వర్గతుల్యమని పొగడువారి మాట మేమంగీకరింపము. కాలము తప్పిన ఏట మేరయు తప్పెడిది. మన సొమ్మునే కళ్లము గట్టున నిలుచుండి అడిగి పుచ్చుకొనవలసి వచ్చెడిది. కొలత పెద్దదో చిన్నదో అవతలివాని మనసునుబట్టి యుండెడిది. అయినను ఆ ఏర్పాటునందు రెండు సుగుణములుండెను. పని నిశ్చయము, పని చేయించుకొనువాడు ఎదుటనుండువాడు. ఈ నాగలి ఎవరు చెక్కిరని రైతు నడిగినచో పేరు చెప్పెడివాడు. ఈ రెండవ సుగుణమును సభవారు జ్ఞాపకమునందుంచుకొన ప్రార్థితులు. మా ఉపన్యాసమంతయు దానిచుట్టునే తిరుగును.

ఆ ఏర్పాటు ఒక్కదినమున కూలలేదు. ఒక్కొక్క రాయియు ఊడుచు వచ్చినది. ట్రాక్టరు వచ్చి నాగలిని అటకయెక్కించినది. రబ్బరు చక్రము వచ్చి ఇనుపపట్టాను తోసివేసినది. వరికోత యంత్రము వచ్చి కొడవలికి పనిలేకుండ చేసినది. ఉక్కుగిన్నెలును ప్లాస్టిక్కు బిందెలును వచ్చి కంచరివాని సమ్మెట ఆపినవి. మిక్సీ వచ్చి రుబ్బురోటిని పెరటిలోనికి దొర్లించినది. కంసాలికి తగిలిన దెబ్బ ప్రభుత్వముయొక్క చట్టమునుండి వచ్చినది. చీనాతో యుద్ధము జరిగిన పిమ్మట 1963 జనవరిలో వచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలు 14 కారెట్లకు మించిన మేలిమితో క్రొత్తనగలు చేయరాదని శాసించినవి. దేశమంతట స్వర్ణకారుల కుంపట్లు ఆరినవి; కొందరు ప్రాణములే తీసికొనిరి. మేలిమినిగూర్చిన నిషేధము కొన్ని సంవత్సరములకు తొలగినను, 1968లో వేరొక చట్టము వచ్చినది. అది 1990లో గాని రద్దు కాలేదు. ఇరువదియేడేండ్లు! ఒక తరము పిల్లలు ఊదుగొట్టము పట్టక పెరుగుటకు ఆ కాలము చాలును.

కావున పల్లె విడిచిన పనివానిని "వృత్తిని వదలినవాడు" అని నిందించుట న్యాయము కాదు. వృత్తియే వానిని ముందుగా వదలినది. వాడు దాని వెంబడి పట్టణమునకు పోయినాడు.

ఇక వాడు పోయిన పట్టణము సంగతి. నెల్లూరున పురపాలకసంఘము 1866లో ఏర్పడినది. 2004లో నగరపాలకసంస్థ యైనది. 1901 జనాభా లెక్కలలో ముప్పదిరెండువేలమంది యున్న ఊరు, 2011 లెక్కలనాటికి అయిదులక్షల దరిదాపునకు వచ్చినది. అనగా నూటపదేండ్లలో పదునైదు రెట్లు! ఇల్లు కట్టనిదే మనుష్యుడు నిలువడు. తలుపును కిటికీయు లేనిదే ఇల్లు నిలువదు. అంత పెరుగుదలలో వడ్రంగికిని కమ్మరికిని పని దొరకుటలో ఆశ్చర్యమేమి? కృష్ణపట్నపు రేవు 2008లో తెరవబడిన పిమ్మట ఆ ప్రాంతమున వెల్డింగు, ఫిట్టరు పనులకు గిరాకి హెచ్చినది. నిన్నటి కొలిమివాని కుమారుడు నేడు ఆ పనులలో నిపుణుడగుట మనము కన్నులార చూచుచున్నాము.

పట్టణవాసమువలని లాభములను వరుసగా చెప్పెదము.

మొదటిది, కూలి చేతికి వచ్చు రీతి. పల్లెలో పని చేసిన నాటికిని పైకము ముట్టిన నాటికిని నడుమ ఒక పంట యుండెడిది. పట్టణమున వారమునకో నెలకో రొక్కము వచ్చును. కళ్లము గట్టున చేతులు కట్టుకొని నిలుచు పని లేదు. తండ్రులు పడిన ఆ చిన్నతనమును కొడుకులు పడకుండుట సామాన్యమైన లాభము కాదు.

రెండవది విద్య. నెల్లూరి వి. ఆర్. కళాశాల 1920 నుండియు ఈ జిల్లా బిడ్డలకు చదువు చెప్పినది. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయము 2008లో ఏర్పడినది. కావలి జవహర్ భారతియు మనకు సమీపముననే యున్నది. అయినను బిడ్డ ప్రతిదినము బస్సునకై రోడ్డుమీద పడిగాపులు పడుటకును, ఇంటినుండి నడచిపోయి చదువుకొనుటకును చాల భేదమున్నది. అందును ఆడబిడ్డ విషయమున ఈ భేదము చదువు సాగుటయా మానుటయా యన్నంతవరకు పోవును.

మూడవది వైద్యము. 2014లో నెల్లూరున ప్రభుత్వ వైద్యకళాశాల స్థాపింపబడినది. గుండెనొప్పియైనను, కష్టప్రసవమైనను అర్ధరాత్రమున ముప్పది కిలోమీటర్లు పోవుట యెట్టిదో అనుభవించినవారికే తెలియును.

నాలుగవది స్త్రీల సంగతి. పల్లెలో మన ఆడువారు తిత్తి యూదిరి, కుంపటి రాజవేసిరి, బొగ్గులు మోసిరి. కాని ఆ శ్రమకు వేరుగా లెక్క యెన్నడును లేదు. పట్టణమున కుట్టుపనియో, దుకాణములో లెక్కలపనియో, బడిలో ఉపాధ్యాయినీపదవియో సంపాదించి తన పేరున నాలుగు రూపాయలు దాచుకొను వీలు వారికి కలిగినది.

అయిదవ లాభము చెప్పుటకు కొంచెము సంకోచముగా నున్నది. అయినను దాచిన దాగదు. పల్లెలో పనిచేయు పిల్లవానికి పిల్లనిచ్చువారు కరవైనారు. వరుడు నెల్లూరున నున్నాడా యని అడిగిన పిమ్మటనే తక్కిన ప్రశ్నలు. వరుని పనితనము నడుగువారు లేరు. వాని విలాసము నడుగువారే. ఈ సభలో పల్లెలను పొగడి కరతాళధ్వనులు చేయించుకొన్న పెద్దలుకూడ తమ కుమార్తెలకు పట్టణపు సంబంధములే చూచుచున్నారు. వారిని తప్పుపట్టము. తల్లిదండ్రుల మనసది. అయితే ఈ ఒక్క కారణముచేత ఎన్నియో కుటుంబములు కదలుచున్నవని మాత్రము ఒప్పుకొనవలెను.

ఇక నష్టములు. ఇవి లాభములవలె దూరమునకు కనబడవు. కాపురము పెట్టిన ఆరునెలలకు కనబడును.

మొదటిది అద్దె. ఒక లెక్క వేసి చూతము. ఈ అంకెలు ఉదాహరణకై ఊహించినవి. ఎవరి అంకెలు వారు వేసికొనవలెను. ఊరిలో నెలకు 15,000 రూపాయలు గడించు వడ్రంగి నెల్లూరు చేరి 25,000 గడించె ననుకొందము. పదివేలు హెచ్చినదని సంతోషించును. సొంత ఇల్లు విడిచి వచ్చినందున ఇంటద్దె 7,000. పెరటి బావియు పెరటి మునగయు లేనందున నీటికిని కూరలకును హెచ్చు ఖర్చు 1,500. పిల్లల బడిబండికిని రాకపోకలకును 2,000. మొత్తము 10,500. పదివేలు హెచ్చు గడించి, అయిదువందలు తక్కువపడినాడు! చేతిలో ఆడు రూపాయలు ఎక్కువ, నిలుచు రూపాయలు తక్కువ. ఇంట వేరొకరు సంపాదించినగాని, తాను సొంతముగ పని ఒప్పుకొన్నగాని ఈ లెక్క తిరుగబడదు. బయలుదేరుటకు ముందు కాగితముమీద ఈ లెక్క వేసినవారు మనలో కొలదిమంది.

రెండవ నష్టము అన్నిటికంటె గొప్పది. నెల్లూరున ఆచారి వీధి యున్నది. ఆ పేరు వినినంతనే మనకు రొమ్ము పొంగును. కాని మన సంప్రదాయపు బిరుదము వీధికుండుట వేరు, ఆ వీధిలోని బేరము మన చేతిలోనుండుట వేరు. పట్టణపు నగల వర్తకమున సామాన్యముగా జరుగు రీతి యిది: వర్తకుడు బంగారమిచ్చును, పనివాడు తరుగు లెక్క చెప్పి నగ చేసి తెచ్చి మజూరి పుచ్చుకొనును. నగ కొన్న యిల్లాలికి దుకాణము పేరు తెలియును. చేసిన చేయి తెలియదు. వడ్రంగిపని యంతే. ఇల్లు కట్టించుకొనువాడు మేస్త్రీ నెరుగును. మేస్త్రీ పనివాని నెరుగును. తలుపుమీద పువ్వు చెక్కినవాడెవడని ఇంటివానికి తెలియనే తెలియదు. పల్లెలో పనివాడు బీదవాడే గాని అనామకుడు కాడు. పట్టణమున కొందరు బీదరికము తీరకయే అనామకులుకూడ నైనారు.

ఇందులకుతోడు కోయంబత్తూరు మొదలగుచోట్ల యంత్రములమీద పోసిన తేలికనగలు బజారును నింపినవి. దక్షిణదేశపు నగరములలో పశ్చిమ బెంగాలునుండి వచ్చిన స్వర్ణకారులు కుదురుకొన్నారు. వారును మనవలెనే ఊరువిడిచి వచ్చిన పనివారే; వారిపై కోపము తగదు. పేరులేని పనివాని స్థానమును ఇంకొక పేరులేని పనివాడు ఆక్రమించుట సులభమని మాత్రము తెలిసికొందము.

మూడవది పెద్దవారి సంగతి. ముసలివారు పట్టణపు రెండుగదుల ఇంట ఇమడలేరు. పల్లెలో ఒంటరిగా ఉండలేరు. కొడుకు నెలకొక పర్యాయము వచ్చి మందులు కొనియిచ్చి పోవును. పండుగకు మనుమలు వత్తురు. తక్కిన దినములు వీధి వాకిలివైపు చూచుటతోనే గడచును. ఈ నష్టమునకు అంకెలలో లెక్క లేదు.

నాలుగవది ఆపద. పట్టణమున ఆపదలుండవని అనుకొనరాదు. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదలో నెల్లూరి లోతట్టు ప్రదేశములు మునిగినవి. పడుగుపాడువద్ద రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయినది. చౌకయద్దె యిండ్లు సామాన్యముగా పల్లపుప్రదేశముననే దొరకును. అట్టిచోట నీరు వచ్చిన, చిత్రికయు బాడిసెయు రంపపు యంత్రమును ఒక్కరాత్రిలో నష్టమగును. ఊరిలోనైనచో సామాను దాచుటకు బంధువుల మిద్దె యుండును.

సోదరులారా! ఈ లాభనష్టములను రెండుప్రక్కల వ్రాసికొని కూడికలు తీసివేతలు చేసినచో అందరికి నొకే సమాధానము రాదు. ఏలన, మన అయిదు వృత్తుల స్థితి యొక్కటి కాదు. ఇనుపపనివానికి పట్టణమున గేట్లును గ్రిల్లులును గలవు. పల్లెలోను ట్రాక్టరు గొఱ్ఱులు, రొయ్యల చెరువుల యంత్రములు బాగుచేయు పని యున్నది. కఱ్ఱపనివానికి పట్టణమున పని పుష్కలము. అయితే ప్లైవుడ్డు పనియు పద్ధతులును క్రొత్తగా నేర్చుకొనవలెను. రాతిపనివానికి గుడిపని యెచ్చట నున్న అచ్చటికే పోవలసియుండును గాన, కాపురమెక్కడున్నను ఒక్కటే. కంచరిపని రెండుచోట్లను క్షీణించినది. స్వర్ణకారుని సంగతి అన్నిటికంటె చిక్కైనది.

2021 జూన్ 16 మొదలు దేశములోని 256 జిల్లాలలో బంగారునగలకు హాల్‌మార్కు ముద్ర తప్పనిసరి చేయబడినది. సాలీనా 40 లక్షల రూపాయలకు మించని వ్యాపారమున్నవారికి అప్పట్లో మినహాయింపు నిచ్చిరి. మినహాయింపున్నను కొనువారు ముద్ర నడుగుచునే యున్నారు. పూర్వము నమ్మకము మనిషిమీద, నేడు ముద్రమీద. ఇది స్వర్ణకారునకు అవమానమని కొందరందురు. మాకట్లు తోచదు. పెద్ద దుకాణపు నగకును చిన్న కుంపటి నగకును ఒకే ముద్ర పడునపుడు, మేలిమినిగూర్చిన అనుమానము తొలగి, పనితనమొక్కటే మిగులును. పనితనమున మనము వెనుదీయువారము కాము. అయితే ముద్ర వేయించుటకు పరీక్షాకేంద్రమునకు రాకపోకలు జరుపవలెను. ఆ మేరకు స్వర్ణకారుడు పట్టణముతో సంబంధము పెట్టుకొనక తప్పదు.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి మాకు తేలిన సారాంశమిది. "పల్లెయా, పట్టణమా?" అను ప్రశ్న సరియైనది కాదు. "పని చేయించుకొనువాడు ఎవరివాడు?" అని అడుగవలెను. వాడు నేరుగా నీయొద్దకు వచ్చుచున్నయెడల నీవు పల్లెలోనున్నను స్వతంత్రుడవు. వాడు దుకాణమువానికో మేస్త్రీకో చెందియున్నయెడల నీవు నెల్లూరి నడిబజారులోనున్నను కూలివాడవే. వలసపోయి బాగుపడినవారి నెంచి చూడుడు; కొలదికాలము పరుల క్రింద పనిచేసి, తమ పేరు నలుగురికి తెలియజేసికొని, పిమ్మట సొంతముగ పని ఒప్పుకొన్నవారే వారు. చెడినవారి నెంచి చూడుడు. మొదటి మేస్త్రీవద్దనే తల నెరసినవారే చాలమంది.

ఇచ్చటనే నెల్లూరువంటి నడితరపు పట్టణముయొక్క ప్రత్యేకత కనబడును. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర మేర్పడువరకు మన జిల్లా చెన్నరాష్ట్రములోనిది. పెద్ద గడింపునకు చెన్నపట్టణము పోవుట మన పెద్దల కలవాటు. నేటి యువకులు హైదరాబాదు, బెంగుళూరు పోవుచున్నారు. ఆ మహానగరములలో కూలి హెచ్చే. కాని పనివాడు ఒక వీధిలో సంపాదించిన పేరు ప్రక్కవీధికి చేరదు. పండుగకు ఇల్లు చేరుటకే నెలలముందు టిక్కెట్టు కొనవలెను. నెల్లూరట్లు కాదు. అల్లూరి వడ్రంగి మంచి తలుపు చేసెననిన వార్త ఒక ఏటిలో వేదాయపాళెమునుండి కోవూరువరకు పోవును. కావలసిన నాడు తెల్లవారి బయలుదేరి పనిచేసి ప్రొద్దుగూకునప్పటికి ఇల్లు చేరవచ్చును. అయితే దీనికి రెండవ ముఖము లేకపోలేదు. ఇట్టి ఊర చెడ్డపేరును అంత వేగముగనే ప్రాకును. అదియునుగాక, నెల్లూరి బజారులోని రొక్కము సగము వరిచేలనుండియు రొయ్యలచెరువులనుండియు వచ్చినదే. పంట పోయిన ఏట, రొయ్యధర పడిన ఏట పట్టణమున కట్టుచున్న ఇండ్లును ఆగును, నగల బేరములును ఆగును. పల్లె కష్టమునుండి తప్పించుకొనుటకు నెల్లూరు పోయినవాడు ఆ కష్టమును ఇంకొక రూపున అచ్చట కలిసికొనును.

ఇక మాకు తోచిన హితవు నాలుగుమాటలలో చెప్పి ముగింతుము.

ఇల్లు అమ్మి పోవలదు. అప్పు చేసి అసలే పోవలదు. ఊరిలోని ఇల్లు వెనుకనున్నవాడు నెల్లూరి మేస్త్రీతో కూలి బేరమాడగలడు. ఇల్లు లేనివాడు ఆడలేడు. పట్టణమున నిలద్రొక్కుకొనుటకు పల్లెలోని ఆ నాలుగు గోడలే మనకు బలము.

ముందుగా ఒక్కరు పోయి, ఒక సంవత్సరము పని చూచి, పిమ్మట కాపురము కదలింపవలెను. ముప్పది కిలోమీటర్ల దూరమున నున్న పట్టణమునకు ఇట్టి పరీక్ష సాధ్యము. కదలింపదలచినను బడి సంవత్సరము ముగిసిన వేసవిలో కదలింపవలెను గాని, నడిమధ్య పిల్లలను పెరికివేయరాదు.

చేసిన ప్రతిపనిమీదను మన పేరుండవలెను. తలుపు లోపలిప్రక్కనో, గేటు మూలనో చిన్న అక్షరములతో పేరును ఫోనునెంబరును చెక్కుటకు ఖర్చేమి? చేసిన పనులకు ఛాయాచిత్రములు తీసి యుంచుకొనుటకు కష్టమేమి? పూర్వపు రైతు నోటిమాటతో చేసిన ప్రచారమును నేడు మనమే చేసికొనవలెను.

నిలువదలచినవారు నిరాశపడవలదు. 2023 సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వమువారు ప్రారంభించిన పి. ఎం. విశ్వకర్మ పథకమునందు పదునెనిమిది వృత్తులు చేర్చబడినవి. వానిలో వడ్రంగి, కమ్మరి, స్వర్ణకార, శిల్పి వృత్తులున్నవి. పనిముట్లకు 15,000 రూపాయలవరకు సాయమును, పూచీ లేకుండ మొదట లక్షవరకును, అది తీర్చిన పిమ్మట రెండులక్షలవరకును నూటికి అయిదు వడ్డీకి ఋణమును అందు విధింపబడినవి. ఈ సాయము పొందుటకు పల్లె విడువ నక్కరలేదు. కుటుంబమునకు ఒక్కరికే యిచ్చుట నియమము గాన, ఎవరి పేరున పెట్టవలెనో ఇంటివారు ముందుగా ఆలోచించుకొనవలెను.

సంఘము చేయవలసిన పనులును గలవు. ఏటేట సభలు జరిపి సన్మానములు చేసికొనుటతో మన విధి తీరదు. నెల్లూరున చదువుకొను మన పల్లెపిల్లలకు, ముఖ్యముగా ఆడపిల్లలకు, ఒక వసతిగృహము కావలెను. అది యున్నచో చదువుకొరకు మాత్రమే కాపురములు కదలించు కుటుంబములు కదలింపక నిలుచును. విలువైన రంపపు యంత్రమును, కోత యంత్రమును ఒక్కరు కొనలేనివారు పదిమంది కలిసి వాడుకొనుటకు ఉమ్మడి కర్మశాల యొకటి కావలెను. క్రొత్తగా వచ్చిన పనివానికి మొదటి మూడునెలలు న్యాయమైన పని చూపించు బాధ్యతను నెల్లూరున కుదురుకొన్న పెద్దలు వహింపవలెను. తామే మేస్త్రీలై తమవారి కూలిలో కోత కోయువారు కొందరున్నారని వినుచున్నాము. అట్టివారు ఈ సభలో నున్నయెడల వారి మనస్సాక్షియే వారిని మందలించును గాక.

చివరకు ఊరిలో మిగిలిన వృద్ధుల మాట. వారి చేతులలో ఇంకను ఎవరును వ్రాసిపెట్టని విద్య యున్నది. ఏ కఱ్ఱకు ఎప్పుడు చెదలు పట్టునో, ఏ రంగు మంటలో ఉక్కు పదునెక్కునో వారెరుగుదురు. పండుగకు వచ్చిన మనుమలను వారి ప్రక్కను కూర్చుండబెట్టి ఉలి పట్టించుడు. ఆ బిడ్డ రేపు ఇంజనీరే కావచ్చును. కాని చేతికి తెలిసిన విద్య తలకు భారము కాదు. పోయినవారు తమవారి నెలవుల మరువక, నిలిచినవారు పోయినవారిని ఆడిపోసికొనక, ఒకరి పనిని ఒకరు పదిమందికి చూపుకొనిన నాడు అల్లూరును నెల్లూరును మనకు రెండు ఊళ్లు కావు. ఒకే ఇంటి ముందువాకిలియు పెరటివాకిలియు నగును.